మందు పోస్తున్నా, మాట్లాడకు

(మోంటానాలో జింకల వేట రేపు మొదలవుతుందనగా, మధ్యాహ్నం వేళ. ఇంటి పక్క గ్యారేజీలో ఆర్లో బల్ల ముందు కూర్చుని వాడేసిన తూటాల గుల్లలు మళ్లీ నింపుకుంటున్నాడు. భార్య వెర్నా ఒక చేత్తో చీపురు, ఇంకో చేత్తో కాఫీ కప్పు పట్టుకుని వచ్చింది.)

“అది కాదు ఆర్లో, నేనడిగింది ఒక్క మాట. ఆసుపత్రి నుంచి నర్సు గ్లెన్నా ఫోను చేసిందా, లేదా?”

“ఎర్ర టోపీ కనపడట్లేదా?”

“కనపడుతోంది.”

“నెత్తిన ఎర్ర టోపీ ఉందంటే ఏంటి అర్థం?”

“గుల్లల్లో మందు పోస్తున్నావని. ఆ టైములో ఇల్లు తగలబడుతున్నా నీతో మాట్లాడకూడదని. పరధ్యానంలో ఒకే గుల్లలో రెండుసార్లు మందు పడితే తుపాకీ మొహమ్మీదే పేలుతుందని. ముప్పై ఏళ్లుగా వింటున్నా. ఇప్పుడు చెప్పు, ఫోను చేసిందా?”

“మందు పోస్తున్నా, మాట్లాడకు.”

“నువ్వు టోపీ పెట్టుకున్నావా, నాకు టోపీ పెడుతున్నావా? నేను బజారు నుంచి వచ్చేసరికే ఎక్కింది అది నీ నెత్తికి. అన్నం దగ్గర కూడా తియ్యలేదు. టోపీతోనే తిన్నావు.”

“రేపు వేట. పనుంది.”

“ఫోనులో ఆసుపత్రి నంబరు చూశాను. చాలాసేపే మాట్లాడుకున్నారు. మన పెళ్లి చేసిన పాస్టరు గారితో కూడా నువ్వంతసేపు మాట్లాడలేదు.”

“మంచు గురించి చెప్పింది. రేపు గట్టిగా పడుతుందట.”

“పరీక్షకని రక్తం తీసుకున్నవాళ్లు మంచు గురించి చెప్పడానికి ఫోను చేస్తారా?”

“వాళ్లాయన కూడా వేటకొస్తున్నాడు కదా, అందుకని... ఏయ్! ఊడవకు!”

“ఏం?”

“ఊడవొద్దు అన్నానా!”

“ముప్పై ఏళ్లుగా ఈ గ్యారేజీ ఊడ్చేది నేనేగా. ఇవాళ చీపురు కొత్తా, నేను కొత్తా?”

“దుమ్ము లేస్తుంది, మందులో పడుతుంది. వదిలెయ్. ఆ పెద్ద తలుపు కాస్త పైకెత్తు.”

“బయట గడ్డకట్టి చస్తున్నారు మనుషులు!”

“గాలాడాలి.”

“నాకు ఊపిరే ఆడట్లేదు నీతో. వారం నుంచి తలనొప్పి తగ్గితే ఒట్టు. ఇంట్లో మనిషికి మందు కావాలంటే లేదు, గుల్లలకి మాత్రం పొద్దస్తమానం మందే.”

“తలనొప్పా? ఎప్పట్నుంచి?”

“నిన్ను కట్టుకున్నప్పట్నుంచి. మాట మార్చకు.”

“నిజంగా అడుగుతున్నా వెర్నా, ఎప్పట్నుంచి?”

“నిజంగా అడుగుతున్నది నేను! నీ నోట్లోంచి ఒక్క ముక్క రాలట్లేదు. అసలు ఆ బోడి తూటాలు కొట్లో కొనుక్కుంటే ఈ గోలే ఉండదు.”

“ఏమన్నావ్? కొట్లోనా?”

“కొట్లోనే. ఊళ్లో అందరూ కొనుక్కోవట్లేదూ?”

“కొట్టు తూటా అంటే ఎవడి కాలికో కుట్టిన బూటు. నాది కొలిచి కుట్టిన బూటు. నా తుపాకీ గొంతు ఎంత లోతో నాకు తెలుసు, గుండు ఎంత లోపలికి కూర్చోవాలో నాకు తెలుసు. కొట్టు తూటాలు పళ్లెమంత మేర చెదురుతాయి. నావి బిస్కెట్టంత చోట పడతాయి.”

“బిస్కెట్టంత గురికి బండెడు ఖర్చు.”

“ఖర్చా? పొదుపు! ఇత్తడి గుల్ల పారెయ్యం కదా. కడిగి, సాఫు చేసి, మళ్లీ మళ్లీ నింపుకోవడమే.”

“ఒక మిషను కొన్నావు, పొదుపన్నావు. ఆ పొదుపుతో దాని పక్కన ఇంకో మిషను కొన్నావు. నువ్వు ఇంకొంచెం పొదుపు చేశావంటే మనం వీధిన పడాలి. తూటాలు నింపుతావో లేదో గానీ నా బుర్ర మాత్రం ఖాళీ చేస్తావు.”

“మరి మా తాత తుపాకీ సంగతో? దానికి సరిపడే తూటా ఇప్పుడు ఎవడూ చెయ్యట్లేదు. నేను నింపకపోతే అది గోడకి అలంకారం. ఆ మధ్య కొట్లన్నీ ఖాళీ అయిపోయి, తూటాల కోసం ఊరంతా బారులు తీరినప్పుడు పక్కింటి డెల్ గాడు ఎవరి గుమ్మం ఎక్కాడు?”

“నీ గుమ్మం ఎక్కి, నేను వండిన ఆపిల్ పై మొత్తం కడుపులోకి దింపాడు.”

“మరి నీ తూటాలో?”

“నా తూటాలేంటి?”

“నీ భుజానికి ఆపరేషనయ్యాక తుపాకీ తన్నుడు తట్టుకోలేనంటే, మందు తగ్గించి, మెత్తగా తన్నే తూటాలు చేసిచ్చిందెవరు? ఏ కొట్లో దొరుకుతాయవి? ఇదిగో, నీ పేరు రాసిన డబ్బా. ఇదంతా నాకోసమే అనుకుంటున్నావా? నీ భుజం... నీకు నొప్పి కలగకూడదనే కదా నేను...”

“ఏంటి, మొహం అటు తిప్పుకున్నావు?”

“ఏం లేదు.”

“సరే బాబూ, ఒప్పుకున్నా. కిందటేడు ఆ తూటాతోనే నేను జింకని కొట్టాను. నువ్వు పొదని కొట్టావు.”

“గాలి అడ్డమొచ్చింది.”

“నిద్ర అడ్డమొచ్చింది. నీకు గురి తప్పుతుంది గానీ గురక తప్పదు. మెచ్చుకున్నాగా, ఇప్పుడు చెప్పు. గ్లెన్నా ఏమంది?”

“మందు పోస్తున్నా, మాట్లాడకు.”

“ఇందాకట్నుంచి గుక్క తిప్పుకోకుండా ఉపన్యాసం దంచింది నువ్వు! అప్పుడు రెండుసార్లు పడని మందు నేనడిగితే పడుతుందా? గుండ్లకి సరిపోక చెవుల్లో కూడా సీసమే పోసుకున్నావా?”

“ఆ మాట అనకు.”

“ఏ మాట?”

“ఏదో ఒకటి. అనకు.”

“అంటాను. ఇంట్లో సీసం కరిగించి గుండ్లు పోసేవాడు రక్తంలో సీసం ఎంతుందో చూపించుకోవాలని డాక్టరన్నాడు. నువ్వు సూదిని చూసి ఎలుగుబంటిని చూసినట్టు వెనక్కి నడిచావు. ‘చీమ కుట్టినట్టుంటుంది, ఇదిగో’ అని ముందు నా చెయ్యి చాపితే గానీ నువ్వు చొక్కా మడవలేదు. నీ ధైర్యం కోసం నా రక్తం కూడా వాళ్ల సీసాలో పోసొచ్చాను. ఆ రక్తానికైనా జవాబు రాదా?”

“ఆ కాఫీ ఎందుకు తెచ్చావిక్కడికి?”

“మొహం కడుక్కోవడానికి. కాఫీ ఎందుకు తెస్తారు?”

“ఇక్కడ తాగకు.”

“రోజూ ఇక్కడే, ఈ స్టూలు మీదే తాగుతాను.”

“పారబొయ్యి.”

“ఎలాగూ బాగాలేదులే. ఈమధ్య ఏం నోట్లో పెట్టుకున్నా ఇనపముక్క నాకినట్టే...”

“పారబొయ్యి అంటున్నానా!”

“అరవకు ఆర్లో.”

“అరవట్లేదు.”

“అరిచావు. కోపమొస్తే నువ్వు గొణుగుతావు. అరిచేది భయమేసినప్పుడే. నాకు తెలీదా?”

“మందు పోస్తున్నా...”

“పొయ్యి! తనివితీరా పొయ్యి! ఇంక అడగను. గుల్లలు తోమే ఆ మిషనైనా ఇలా ఇవ్వు. అందులో గుల్లల మసి పట్టిన పొడి జల్లెడ పట్టి దులిపేసి నా దారిన నేను పోతా.”

“ముట్టుకోకు.”

“వారం వారం నేనేగా పట్టేది! నీ నడుముతో నువ్వెత్తగలవా?”

“ముట్టుకోకు వెర్నా, నీకు దణ్ణం పెడతా.”

“ఊడవొద్దు, తాగొద్దు, ముట్టుకోవద్దు! నీకేమో మాస్కు, గ్లవ్స్, కళ్లద్దాలు, పెళ్లికొడుకు ముస్తాబు. నేను చీపురుతో ఒక్కసారి... ఆర్లో.”

“ఏంటి?”

“మందు పోసే గొట్టం ఖాళీగా ఉంది.”

“ఊఁ.”

“పక్కనున్న మందు డబ్బాకి సీలు కూడా తియ్యలేదు. ఖాళీ గొట్టం కింద ఖాళీ గుల్లలు పెట్టి, పొద్దున్నుంచీ ఉత్తి మీట లాగుతున్నావా?”

“టోపీ ఉంటే అడగవనుకున్నా.”

“టోపీ ఉందని ఎప్పుడైనా ఊరుకున్నానా?”

“లేదు.”

“తియ్యి.”

“ఉండనీ.”

“నేనే తీస్తా, ఇలా తిరుగు... అయ్యో, ఇంత చలిలో ఈ చెమటలేంటి? ఏడ్చావా?”

“దుమ్ము పడింది.”

“అద్దాలు పెట్టుకున్న కంట్లో దుమ్మా? చెప్పు. సీసం ఎక్కువుందా?”

“ఎక్కువే.”

“బాగా ఎక్కువా?”

“సోమవారం పెద్దాసుపత్రికి రమ్మంది.”

“దానికి మందుందా?”

“ఉందంది. టైము పడుతుందంది.”

“మరింకేం, పిచ్చి మొహమా! ముప్పై ఏళ్లు మందు పోసినవాడివి, నాలుగు రోజులు మందు మింగలేవా? ఇంతోటి దానికి నన్ను పొద్దున్నుంచీ చంపుకు తిన్నావు. భయపడకు. నేనున్నాను కదా.”

“వెర్నా...”

“విను. ఇకనుంచి నువ్వీ గదిలో అడుగు పెట్టకు. గుమ్మం అవతల కుర్చీ వేస్తా, అక్కడ కూర్చుని చెప్పు, నేను నింపుతా. ఆ పొడి జల్లెడ పట్టేదీ, నీ పని బట్టలు దులిపి ఉతికేదీ ఎప్పట్లాగే నేనే. ఈ దుమ్ము నీ ముక్కు దాకా రానివ్వను, సరేనా? జరుగు, ముందు ఈ బల్ల కింద ఊడ్చేస్తా.”

“చీపురు కింద పెట్టు.”

“ఒక్క నిమిషం, ఎంత దుమ్ముందో చూడు...”

“కింద పెట్టవే, నా తల్లీ! నేనెప్పుడూ మాస్కు తియ్యలేదు, చేతులు కడగకుండా ముద్ద ముట్టలేదు. గ్లెన్నా ఫోను చేసింది నా రక్తం గురించి కాదు.”