హాల్వర్ ఇంటి పోస్టుడబ్బా

భార్య మారిట్ పోయి నెల దాటింది. మిన్నెసోటాలో తన ఇంటి వంటగదిలో ఆర్విడ్ రాత్రి భోజనం గిన్నెలు కడుగుతున్నాడు. తోడుగా వచ్చి ఉన్న మరదలు థోరా తుడుస్తోంది.

“నవంబరు పధ్నాలుగు, గురువారం. ఆ రాత్రి ఏం తిన్నామో చెప్పు బావా.”

“పక్కింటి డాగ్నీ ఓవెన్‌లో కాల్చి తెచ్చిన హాట్‌డిష్ కూర. పైన బంగాళాదుంప ముక్కలు బాగా మాడాయి.”

“మాడలేదు, కరకరలాడాయి. తర్వాత?”

“నిమ్మకాయ మిఠాయి బార్లు. నువ్వు రెండు తిన్నావు.”

“నా సంగతి అడిగానా? తర్వాత?”

“తర్వాత పడుకున్నాం.”

“పడుకున్నాం! ఎంత బాగా పడుకున్నావంటే, తెల్లారేసరికి నీ ట్రక్కు ఎదురింటి హాల్వర్ పోస్టుడబ్బా మీద బుగ్గ ఆనించి నిలబడి ఉంది.”

“కొత్తది కొనిచ్చాను కదా. పాతదాని కన్నా బాగుందన్నాడు.”

“అనక ఏమంటాడు? ఈ ఊళ్లో మనిషి కాలు మీదకి ట్రక్కెక్కించినా, ‘ఏం పరవాలేదు, ఇంకో కాలుందిగా’ అంటాడు. కాఫీ తాగి వెళ్లమంటాడు కూడా.”

“మంచివాడు.”

“మంచివాడే. డబ్బా బదులు ఆ మంచివాడే కుక్కని పట్టుకుని అక్కడ నిలబడి ఉంటే? అప్పుడూ వాళ్లావిడకి కొత్త హాల్వర్‌ని కొనిచ్చేవాడివా?”

“ఆ గిన్నె ఇంకా తడిగా ఉంది థోరా.”

“గిన్నె సంగతి నేను చూసుకుంటాను. ఇటు చూడు. నిద్రమాత్ర మింగి, ఆ మత్తులో లేచి బండి తోలావు. తోలినట్టు నీకే తెలియదు. అవునా, కాదా?”

“అందరూ అలాగే అనుకుంటున్నారు.”

“అనుకోవడమేంటి? హాల్వర్‌తో ‘నా ట్రక్కు, తప్పు నాదే’ అని నువ్వే అన్నావు కదా?”

“అన్నాను.”

“మరి? అసలు ఆ మాత్రలు ఇచ్చేటప్పుడు డాక్టరమ్మ ఏం చెప్పింది?”

“ఎలా ఉన్నారని అడిగింది.”

“నువ్వేమన్నావు?”

“పరవాలేదన్నాను. మొహం చూసి ఆవిడే రాసిచ్చింది.”

“ఆహా! పెళ్లాన్ని పూడ్చి వచ్చి, డాక్టరు ముందు కూర్చుని, పరవాలేదు! నాకు నిద్ర పట్టట్లేదు, కూడు సయించట్లేదు అంటే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?”

“పాపం ఆవిడ టైం ఎందుకు తినడమని. బయట చాలామంది కూర్చుని ఉన్నారు.”

“తినాలి! ఆవిడ టైం మనం తినడానికే ఉంది. సరే, ఆవిడ చెప్పినా నీ చెవికెక్కి ఉండదు, నేను చెప్తాను విను. మా ఊరు ఫార్గోలో మా డాక్టరు నాకు చెప్పినవే. ఒకటి, అవి కొన్నాళ్లకే. రోజూ కాఫీ తాగినట్టు మింగేవి కావు. పక్కెక్కాకే మింగాలి. మింగి, ఇంకాసేపు గిన్నెలు సర్దుదాం, ఫోన్లు మాట్లాడదాం అంటే కుదరదు. రాత్రంతా పడుకునే వీలుంటేనే మింగాలి. మధ్యలో మెలకువ వచ్చిందని ఇంకోటి వేసుకోకూడదు. తాగుడుతో కలిపి అసలే పనికిరాదు. ఇంకొకరి మాత్రలు...”

“ఈ గ్లాసు ఎక్కడ పెట్టను?”

“ఏ గ్లాసు?”

“నీ బ్రాందీ.”

“ఇక్కడ పెట్టు, అందేలా. అదేంటి, అలా చూస్తావేం? అది తాగుడా? రెండు చుక్కలు, అరగడానికి. మా నాన్న ఉన్నన్నాళ్లూ వేసుకున్నాడు, చర్చిలో ముందు వరసలో కూర్చునేవాడు. మా డాక్టరు తాగుతారా అని అడిగితే లేదనే చెప్పాను. ఏం, అబద్ధమా?”

“నేనేం అనలేదు.”

“నువ్వేమీ అనవు. అదే నీతో వచ్చిన చిక్కు. మాట మార్చకు. ఎక్కడున్నాం?”

“ఇంకొకరి మాత్రలు.”

“ఆ. ఇంకొకరి మాత్రలు ముట్టుకోకూడదు. అదే డాగ్నీకి తెలియాల్సింది.”

“డాగ్నీ ఏం చేసింది?”

“మన కేకు పళ్లెం తిరిగిచ్చింది కదా. ఖాళీ పళ్లెం ఇవ్వకూడదాయె. నీకు తీపి మంచిది కాదని, ఏం పెట్టిందో తెలుసా? వాళ్లాయనవి మిగిలిపోయిన నిద్రమాత్రలు! పోయిన మనిషివి. పైన రుమాలు కప్పి మరీ!”

“వద్దనలేకపోయావా?”

“రెండుసార్లు అన్నాను. మూడోసారీ అడిగింది. మూడోసారి కూడా వద్దంటే ఏం బాగుంటుంది? తీసుకున్నాను. నీ చేతికి దొరక్కుండా నా సొరుగులో పెట్టాను.”

“ఇంకా ఉన్నాయా?”

“ఏవి?”

“డాగ్నీవి.”

“ఉన్నాయి... కొన్ని. నన్ను విచారిస్తావేంటి? విచారించేది నేను! చూడు బావా, పొద్దున్నే క్లినిక్‌కి ఫోన్ చేసి ట్రక్కు సంగతి చెప్పేస్తాను. లైసెన్సు ఉంచుతారో పీకేస్తారో వాళ్ల ఇష్టం. తిట్టుకుంటే తిట్టుకో. మా అక్క పోయింది చాలు. నిన్ను మంచులోంచి తవ్వి తీసే ఓపిక నాకు లేదు. ట్రక్కు తాళాలు ఇటు తే.”

“పెట్టె సర్దేశావు.”

“సర్దాను. ఫోన్ చేసి, ఫార్గో బయల్దేరతాను. నా ఇల్లు ఏమైందో చూసుకోవద్దా?”

“అక్కడ ఒక్కదానివే కదా.”

“కొత్తా? పుట్టినప్పట్నుంచీ ఒక్కదాన్నే. తాళాలు.”

“తాళాలు ఇవ్వను థోరా.”

“ఓహో. ఇన్నేళ్లకి నోట్లోంచి ‘ఇవ్వను’ అని ఒక మాట వచ్చింది. రాయించి గోడకి తగిలించాలి! పోనీ నీ మాత్రల సీసా అయినా ఇస్తావా, దానికీ ఇలాగే పౌరుషమా?”

“బ్రెడ్డు డబ్బా వెనక ఉంది. తీసుకో.”

“దాచే చోటు చూడు... ఇదేంటి? మందుల షాపు సంచీకి కొట్టిన పిన్ను కూడా తియ్యలేదు.”

“తియ్యలేదు.”

“ఇది రెండోసారి తెచ్చింది. మొదటిది ఎక్కడ?”

“అదే మొదటిది. అదొక్కటే.”

“మరి నిద్ర?”

“ఆ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటాను. తెల్లారగట్ల ఓ కునుకు పడుతుంది. దాంతో రోజు గడిచిపోతోంది.”

“అంటే నువ్వు ఒక్కటీ మింగలేదు.”

“లేదు.”

“అయితే ట్రక్కు ఎవరు తోలారు? డాగ్నీ మొగుడొచ్చి తోలాడా, తన మాత్రలు వెతుక్కుంటూ?”

“కూర్చో థోరా.”

“కూర్చోను. చెప్పు.”

“ఆ పొద్దున నీ బూట్లు తడిసి ఉన్నాయి.”

“నా బూట్లా? మంచు కదా, ఎవరి బూట్లయినా... ఏంటి నువ్వనేది? నేనా? నేను పడుకున్నానంటే బండరాయినే. లేచేసరికి దుప్పటి కూడా చెదరదు!”

“దుప్పటి నేను కప్పుతాను.”

“నువ్వా?”

“కూర్చో.”

“ఎన్నిసార్లు?”

“బండి దాకా వెళ్లింది ఒక్కసారే. ఇంజను చప్పుడు విని నేను పరిగెత్తేసరికి డబ్బాని గుద్ది ఆగి ఉన్నావు. దెబ్బ తగల్లేదు. అది అదృష్టం. తర్వాత తాళాలు నా జేబులో పెట్టుకున్నాను. మిగతా రోజుల్లో వీధి తలుపు దాకా వచ్చి ఆగిపోతున్నావు.”

“వెధవ మాత్ర! ఒకటే వేసుకున్నాను బావా. అంటే, నావి అయిపోయాక డాగ్నీవి. అది చాలనప్పుడు ఇంకో సగం. మా డాక్టరుని మళ్లీ అడగాలంటే మొహమాటం. ఆయన కొన్నాళ్లకే అన్నాడు కదా, ఇంకా నిద్ర పట్టట్లేదంటే ఏమనుకుంటాడు?”

“నువ్వూ ఆయన టైం తినడం ఎందుకనుకున్నావు.”

“వెక్కిరించు. నా బుద్ధికి తగిన శాస్తే. అయినా నువ్వు నోరు మూసుకుని కూర్చోవడమేంటి? ఊరంతా నిన్నే అంటుంటే! నేను కూడా! ఇందాక నేనన్నవన్నీ...”

“బాగానే అన్నావు. డాక్టరమ్మ కూడా అంత విడమరిచి చెప్పలేదు.”

“చెప్పాల్సింది బావా.”

“చెప్పాల్సిందే. తప్పు నాదే. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ వచ్చాను. పొద్దున నువ్వు పెట్టె సర్దుతుంటే, ఇంక ఆ రేపు లేదని అర్థమైంది. ఫార్గోలో తాళాలు ఎవరి జేబులో ఉంటాయి?”

“నా జేబులోనే.”

“ఆ గ్లాసు ఇలా ఇవ్వు.”

“తీసుకో.”

“జేబులో ఈ రాత్రికని పెట్టుకున్న మాత్ర?”

“ఇదిగో. సొరుగులోవి కూడా తీసుకెళ్లి పడెయ్యి.”

“చెత్తలో వద్దు. మందుల షాపులో వెనక్కి తీసుకునే డబ్బా ఉంది, అందులో వేద్దాం. మధ్యాహ్నం క్లినిక్ నర్సుతో మాట్లాడాను. తెలియకుండా బండి తోలిన మనిషి ఆ మాత్ర మళ్లీ ముట్టుకోకూడదంది. వాడినవన్నీ పట్టుకుని పొద్దున్నే రమ్మంది. నిద్రకి ఇంకేం చెయ్యాలో చూస్తారట.”

“నా పేరు చెప్పావా?”

“మా ఇంట్లో ఒక మనిషి అన్నాను.”

“అంటే నువ్వే అనుకుంటుంది.”

“పొద్దున నిన్ను చూస్తుంది కదా.”

“రెండు చుక్కల సంగతి కూడా చెప్పాలా?”

“చెప్పాలి.”

“నాన్న పరువు పోతుంది.”

“ఆయన ఏమీ అనుకోడు. పద, పడుకో.”

“పడుకుని ఏం చెయ్యను? నిద్రా పాడా?”

“ఊరికే పడుకో. నేను ఎలాగూ మేలుకునే ఉంటాను. నీ తలుపుకి ఎదురుగా కుర్చీ వేసుకుంటాను.”

“కాపలా కుక్కలాగా.”

“కుక్క అయితే మొరుగుతుంది.”

“అదీ నిజమే. నీకు అది కూడా చేతకాదు... బావా, దీపం ఆర్పే ముందు ఒకటి చెప్పు.”

“ఏంటి?”

“నిద్రలో లేచి ఎక్కడికి వెళ్తున్నాను నేను? అడిగావా?”

“అడిగాను.”

“ఏమన్నాను?”

“పొద్దున చెప్తాలే.”

“నీ ‘రేపు’ మళ్లీ మొదలుపెట్టకు. చెప్పు.”

“ఆసుపత్రికన్నావు. మారిట్ జుట్టు నర్సులు సరిగ్గా దువ్వట్లేదు, చిక్కుపడితే ఏడుస్తుంది, నేనే దువ్వాలి అన్నావు. రోజూ అదే అంటున్నావు. నేను దువ్వేశానులే, హాయిగా పడుకుంది అని చెప్తే, సరేనని నా చెయ్యి పట్టుకుని వెనక్కి వచ్చేస్తున్నావు... తలుపు చప్పుడు కాకుండా వేస్తాను థోరా, పడుకో.”