పన్నెండో నంబరు జాతి

ఆల్చిప్పల పెంపకం షెడ్డు. తొట్టి గట్టు మీద చిప్పలు కొలిచే ఆవిడ. ఎదురుగా కాగితం పట్టుకుని జన్యుపరిశోధన డాక్టరు గారు.

“...కాబట్టి రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు కొలతలమ్మా. ఇక చిప్పల్ని కొలిచే పనే లేదు.”

“మరి పెరిగిందో లేదో ఎలా తెలుస్తుంది సార్? దాన్నే అడుగుతారా?”

“పుట్టగానే చెప్పేస్తాం! ఇదిగో జన్యుపటం. ఈ చుక్క చూశావా? పన్నెండో నంబరు జాతిలో ప్రతి చిప్పకీ ఈ గుర్తుంది. మిగతా జాతులకి లేదు. ఏపుగా పెరిగిందేమో పన్నెండోదే. అంటే?”

“అంటే?”

“ఎదుగుదలంతా ఈ చుక్కలో ఉంది! ఇదిగో, అన్నిటికంటే పెద్ద చిప్పలున్న ఈ బుట్టలోంచే తీశా, అరచేతిలో పట్టట్లేదు చూడు. అదీ పన్నెండో జాతి దర్జా! మూడేళ్ల కష్టం.”

“మీది.”

“అందరిదీ అనుకో.”

“అనుకుంటాలెండి. రేపట్నుంచి ఖాళీయేగా.”

“వెటకారం వద్దు.”

“సరే, వద్దు. పన్నెండో బుట్ట ఎక్కడుండేదో ఎప్పుడైనా చూశారా సార్?”

“తొట్టిలో.”

“తొట్టిలో ఎక్కడ?”

“ఎక్కడుంటే ఏంటి? నేను చూసేది లోపలి జన్యువుని, బయట...”

“పైపు మూతి కింద సార్. మేత పాచి కలిపిన నీళ్లు ముందు పడేది అక్కడే. అది కడుపు నింపుకున్నాక మిగతా బుట్టలకి ఎంగిలి నీళ్లు.”

“ప్రతి సోమవారం బుట్టల చోట్లు మార్చాలని గోడ మీద రాయించాగా!”

“రాయించారు. తడి బుట్ట లేపాలంటే ఇద్దరు కావాలి. ఆ రెండో మనిషి మా తోటికోడలు. దండగని పంపేసిందెవరు?”

“అది... అది వేరే విషయం.”

“అదే విషయం. అప్పట్నుంచి మీ చివరి కొలతల దాకా ఒక్క బుట్ట కదిలితే ఒట్టు.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పా. ‘నువ్వు కొలువమ్మా, ఆలోచించకు’ అన్నారు.”

“నేనా?”

“మీరే. ఇక్కడే నిలబడి.”

“చూడు... చూడూ, ఇదంతా నీ ఊహ. పైపు వల్లేనని రుజువుందా? లేదు! రుజువు లేకుండా నోటికొచ్చింది మాట్లాడితే...”

“ఏడో నంబరు జాతి గుర్తుందా సార్?”

“మరుగుజ్జుది. పారెయ్యమన్నాగా.”

“పారెయ్యలేదు. మీరు చివరి కొలతలు పట్టుకెళ్లిన మర్నాడే తోటికోడల్ని పిలుచుకొచ్చా. ఇద్దరం కలిసి ఏడో బుట్టని పైపు కింద పెట్టాం, పన్నెండోదాన్ని మూలకి నెట్టాం. ఆర్నెల్లయింది.”

“ఆర్నెల్లా... అయితే ఇప్పుడు పైపు కిందున్న ఈ బుట్ట...”

“మీ చేతిలో చిప్పని వెనక్కి తిప్పండి సార్. వీపున నంబరు చీటీ ఉంటుంది, నేనే అతికించా. చదవండి.”

“ఏ...”

“గట్టిగా సార్.”

“...ఏడు.”

“రేపు సోమవారం. ఇద్దరం వస్తాం.”