మూలపాడు కందిరీగలు బెంజ్ సర్కిల్‌లో ఆగిన వైనం

పొద్దున్నే వాకింగ్ అయ్యాక భవానీపురంలో సీతమ్మ టీ బండి దగ్గర చేరడం మా బ్యాచ్‌కి అలవాటు. మోటారు పంపుల షాపు రామకోటేశ్వరరావు గారు, బ్యాంకులో చేసి రిటైరైన అనంతకృష్ణ గారు, కాలేజీలో జువాలజీ చెప్పే నాగవల్లి మేడం, నేను. ఆ శనివారం రామకోటేశ్వరరావు గారి ఎడమ చెవి వడియంలా ఉబ్బి ఎర్రగా ఉంది. ఏమైందని సీతమ్మ అడగడమే ఆలస్యం, ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టేశారు. గ్లాసు పెట్టేశారంటే ఇక ఆ టీ చల్లారిపోయినట్టే.

“ఏం లేదమ్మా, చిన్న విషయమే. నిన్న మా డీలర్లంతా మూలపాడు కొండల్లో ట్రెక్కింగన్నారు. సరే పదండన్నా. అందరూ కుర్రాళ్ళే, అయినా ముందు నడిచేది నేనే. అరగంట ఎక్కామో లేదో చెవిలో గుయ్యిమంది. చెయ్యెత్తా, వెనక అందరూ ఆగిపోయారు. చూస్తే కొమ్మకి కందిరీగల గూడు, నిమ్మకాయంత ఉంటుంది. ఇంకొకళ్ళయితే పక్కనుంచి పోతారు. నేను పోను. వెనకొచ్చేవాళ్ళ సంగతేంటి? అందుకని కర్రతో ఇలా, మెల్లగా తాకించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఐదొందలు వచ్చాయండీ బయటికి.”

నిమ్మకాయంత గూట్లో ఐదొందలు ఎలా పట్టాయని అనంతకృష్ణ గారు అడిగారు. లెక్క తప్పితే ఆయన ఊరుకోలేరు.

“అదే చెబుతున్నా, వినండి. అది పిల్ల గూడు. దాని వెనక పెద్ద చెట్టనుకున్నానే, అది చెట్టు కాదు. తల్లి గూడు. మా షాపు మీదున్న ఐదు వేల లీటర్ల ట్యాంకు చూశారుగా, అంతది. ఇవీ అవీ కలిపి లక్ష లేచాయి. కొండ మీద ఎండ పోయింది, అంత నీడ. డీలర్లు ఏడుస్తున్నారు, మిమ్మల్ని వదిలి పోమంటున్నారు. నాకు భార్యాపిల్లల్లేరా, అయినా వాళ్ళని తరిమేసి తువ్వాలు తీసి తల మీద తిప్పడం మొదలెట్టా. మన పంపు మోటారు నిమిషానికి ఇరవై ఎనిమిది వందల చుట్లు తిరుగుతుంది, కంపెనీ వాళ్ళే రాసిస్తారు. నా చెయ్యి దాన్ని దాటేసింది. ఆ సుడిగాలికి పదివేలు కళ్ళు తిరిగి రాలిపోయాయి.”

“మిగిలినవి తొంభై వేలు,” అన్నారు అనంతకృష్ణ గారు.

“కరెక్టు. అవి డీలర్ల మీదికి పోకుండా నా వైపు మళ్ళించాలి కదా, అందుకని పరుగెత్తా. భయపడి కాదు. ఇబ్రహీంపట్నం వచ్చేసరికి ముందు ఆర్టీసీ బస్సు అడ్డం. నోటితోనే హారన్ కొట్టా, పాపం పక్కకి తీశాడు. గొల్లపూడి దగ్గర కృష్ణలోకి దూకా. కందిరీగలు నీళ్ళలోకి రావంటారు చూడండి, అది అబద్ధం. రెక్కలు ముడుచుకుని ఈదుతున్నాయండీ నా వెనకాల. బ్యారేజీ గేటు కిందనుంచి దూరి అవతల తేలి, మళ్ళీ రోడ్డెక్కా. బెంజ్ సర్కిల్‌కి వచ్చేసరికి రెడ్ సిగ్నల్ పడింది.”

దాటి పోవాల్సింది కదా అంది సీతమ్మ, గ్లాసులు కడగడం ఆపేసి.

“రూల్ రూలేనమ్మా, ఆగిపోయా. వెనక్కి తిరిగి చూస్తే తొంభై వేలూ ఆగాయి, ఆటోల వెనక లైను కట్టి. అప్పుడు వాటి రాణి ముందుకొచ్చింది. కాకంత ఉంది. నా భుజమ్మీద వాలి, ఇన్నాళ్ళలో నీలాంటివాణ్ణి చూళ్ళేదు కోటేశ్వరరావూ అంది. మన కృష్ణా జిల్లా తెలుగే. మెచ్చుకుని చెవి మీద ముద్దు పెట్టింది, ఆ వాపే ఇది. ఇక మూలపాడు ఖాళీ చేసేస్తామని మాటిచ్చి, మొత్తం మంద నందిగామ వైపు ఎగిరిపోయింది. ఇప్పుడా కొండల్లో చంటిపిల్లలు కళ్ళు మూసుకుని తిరగొచ్చు.”

 నాగవల్లి మేడం స్టూలు ఆయన వైపు జరుపుకున్నారు.

“కోటేశ్వరరావు గారూ, రేపు పొద్దున నేను నలభై రెండు మంది పిల్లల్ని మూలపాడు తీసుకెళ్తున్నాను. వాళ్ళలో రుచిత అనే అమ్మాయికి కిందటేడు ఒక్క కందిరీగ కుడితే గొంతు వాచిపోయి, రెండు రోజులు ఐసీయూలో ఉంది. డాక్టర్లు సూది మందు రాసిచ్చారు, అది నా బ్యాగులో ఉంటుంది. అయినా నాకు భయమే. ఆ గూడు ఎక్కడుందో నిజంగా చెప్పండి.”

ఆయన ఇంకా ఊపులోనే ఉన్నారు. “రాణి మాటిచ్చిందమ్మా...” అని మొదలుపెట్టి, ఆవిడ మొహం చూసి ఆగిపోయారు. చల్లారిన టీ తీసుకుని ఒక గుక్క తాగారు.

“నేను కొండెక్కలేదమ్మా,” అన్నారు చివరికి. “మోకాళ్ళు సహకరించవు. వాళ్ళంతా పైకి పోతే, బళ్ళు ఆపే చోట రేకుల షెడ్డుంది చూడండి, అందులో బెంచీ మీద నడుం వాల్చా. లోపలికి వెళ్ళగానే ఎడమ పక్క దూలం, దాని కింద ఉంది గూడు. అరచెయ్యంత ఉంటుంది. తువ్వాలు దులిపితే తగిలింది.”

ఎన్ని కుట్టాయని అనంతకృష్ణ గారు మెల్లగా అడిగారు.

“ఒకటే. నా అరుపుకి పైకి పోయిన వాళ్ళంతా దిగొచ్చేశారు. ట్రెక్కింగు అక్కడితో అయిపోయింది.”

ఎవరం నవ్వలేదు. పిల్లలు బస్సు దిగి టిఫిన్ తినేది ఆ షెడ్డులోనే అనుకున్నామని మేడం చెప్పారు. అక్కడే ఫోన్ తీసి, షెడ్డు దాకా రావద్దని, రేపు మెయిన్ రోడ్డు మీదే ఆపమని బస్సు డ్రైవరుకి చెప్పారు. గూడు సంగతి అక్కడి వాచ్‌మన్‌కి కూడా చెబుతానని లేచి, రామకోటేశ్వరరావు గారికి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టారు. ఆ దణ్ణానికి ఆయన ఇబ్బందిగా కదిలారు.

“రేపు ఆరింటికల్లా నేను ముందే వెళ్తానమ్మా,” అన్నారు. “పిల్లలెవరూ అటు పోకుండా అడ్డం నిలబడతా.”

“షెడ్డు దగ్గరేనా?” అంది సీతమ్మ.

ఆయన చెవి తడుముకున్నారు.

“కొంచెం ఇవతల,” అన్నారు.