గుండిగల బావిలో చెప్పిన పేరు

ఊరికి పడమర మిరప చేలు దాటాక గుండిగల బావి ఉంది కదా, గొర్రెలు కాసేవాళ్ళు కూడా దాని గట్టున కూర్చోరు, ఎప్పుడైనా గమనించారా? నీళ్ళు లేక కాదు, నిండా నీళ్ళే. ఎందుకు కూర్చోరో చెబుతాను గాని, వరస తప్పుతానేమో, ముందే చెప్పేస్తున్నాను. గిన్నెలు కారడం ముందో, మాట వినబడడం ముందో, ఈ మధ్య నాకు కాస్త కలగాపులగం అవుతోంది. తప్పితే మా సుభద్ర ఉంది, అందిస్తుంది.

ఆ బావికి ఆ పేరు వెంగమ్మ వల్ల వచ్చింది. వెంగమ్మకి పొలం లేదు, పుట్ర లేదు, ఉన్నవల్లా ఇత్తడి గుండిగలు, ఒక్కోదాంట్లో యాభై మందికి అన్నం వండొచ్చు. పెళ్ళిళ్ళకీ దినాలకీ అవి ఇచ్చి, వాళ్ళు పెట్టింది పుచ్చుకుని బతికేది. ఇంత కావాలని ఏనాడూ అడగలేదు గాని, చెప్పిన రోజుకి గిన్నె రావాలి, తోమి రావాలి, అంతే. అలాంటి మనిషి ఒకరోజు ఆ బావి గట్టున గుండిగలు తోముకుంటూ కాలు జారి, గిన్నెలతో సహా అందులో పడిపోయింది. పాతాళ గరిగె వేసి దేవితే మనిషి దొరికింది గాని, గిన్నె ఒక్కటీ దొరకలేదు.

ఆ తర్వాత ఏడాదికి ఎవరో పెళ్ళివారు, గిన్నెలు చాలక అటుగా వస్తూ, వెంగమ్మ ఉంటే మనకీ పాట్లు ఉండేవా అని గట్టు మీద కూర్చుని అనుకున్నారట. మర్నాడు పొద్దున చూస్తే గట్టు మీద వరసగా గుండిగలు, తడితడిగా, తళతళా మెరుస్తూ. ఇంకేముంది, ఊరికి అలవాటైపోయింది. తమలపాకుల్లో వక్క పెట్టి, ఎన్ని కావాలో, ఎప్పుడు తెస్తారో, తీసుకునేది ఎవరో, బావిలోకి వంగి పేరుతో సహా చెప్పాలి. భయం వెయ్యదా అంటే వేస్తుంది. ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నాక ఆ భయం ఎంతసేపుంటుంది చెప్పండి?

ఇప్పుడు పేరిందేవి సంగతి. ఆవిడ భర్త పోయిన మనిషి, పిల్లల్లేరు, రెండు గేదెలు పెట్టుకుని పెరుగు అమ్ముకుని బతికేది. పాలు కాచేది ఇత్తడి గిన్నెలో, తోడు వేసేది కుండల్లో, పొద్దున్నే తట్ట నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. ఒకనాడు లేచి చూస్తే తోడు వేసిన కుండ ఖాళీ, నేలంతా పాలు. పగిలిందేమో అనుకుని ఇంకో కుండలో వేసింది, అదీ అంతే. సరే ఇత్తడి గిన్నెలోనే తోడు వేద్దామని వేస్తే, అదీ కారిపోయింది. కళాయి వేసే అతను గిన్నె ఎత్తి ఎండకి అడ్డంగా పట్టి చూసి, చిల్లి లేదమ్మా, మాటు ఎక్కడ వెయ్యమంటావు అన్నాడట. వారం తిరిగేసరికి ఆ ఇంట్లో చెంబుడు నీళ్ళు నిలవలేదు. పెరుగు లేకపోతే పేరిందేవికి తిండి ఎక్కడిది?

ఇలా ఉండగా మిట్టమధ్యాహ్నం వేళ ఖాళీ గిన్నె బోర్లించబోతుంటే అందులోంచి మాట వచ్చింది. గట్టిగా కాదు, పక్కింటావిడ గోడ మీంచి పిలిచినట్టు, పేరిందేవీ, నా గుండిగ ఏదీ అని. ఈవిడ గిన్నె కింద పడేసిందా అంటే లేదు. నెమ్మదిగా అరుగు మీద పెట్టి, ఏ గుండిగ వెంగమ్మత్తా అని అడిగింది. పెళ్ళికని అయిదు తీసుకుంటివి, నాలుగు వచ్చాయి, అయిదోది రాలేదు, వచ్చే శుక్రవారం మధ్యాహ్నానికి గిన్నె రాకపోతే పేరు చెప్పినావిడ రావాలి, అది నా లెక్క అంది లోపలి గొంతు.

బావిలోకి రమ్మంటోందన్నమాట.

పేరిందేవి ఆ బావిలోంచి ఏ పెళ్ళికీ ఏ గుండిగా తేలేదు. ఆ నెలలో ఊళ్ళో జరిగిన పెళ్ళి ఒక్కటే, ఆవిడ తోడికోడలు రాఘవమ్మ కూతురిది. రాఘవమ్మ ఒకసారి, వెంగమ్మ బతికున్న రోజుల్లోనే, గుండిగ అడుగు మాడ్చి, సొట్ట పెట్టి తిరిగిచ్చింది. ఇక నీకు చచ్చినా గిన్నె ఇవ్వను అని వెంగమ్మ నలుగురిలో అనేసింది. చచ్చినా అన్న మాట నిలబెడుతుందేమోనని రాఘవమ్మకి అనుమానం. అందుకని బావిలోకి వంగి, నేను పేరిందేవిని అని చెప్పింది. నీళ్ళ కిందికి వినబడే గొంతులన్నీ ఒకేలా ఉంటాయట, తేడా తెలిసేది పేరుతోనే.

పేరిందేవి ఆ సాయంత్రమే వెళ్ళి అడిగింది. రాఘవమ్మ చింతపండు పిక్క తీస్తూ తల ఎత్తలేదు.

"గిన్నె మాట్లాడిందని నా గుమ్మం ఎక్కావా? మజ్జిగ తలకి పట్టించుకో, తగ్గుతుంది" అంది.

"అక్కా, గుండిగ నీ ఇంట్లో ఉంచుకో. నా పేరు నాకిచ్చెయ్యి."

"నేను నీ పేరు చెప్పడం ఎవరు చూశారు?"

ఎవరూ చూడలేదు. అదే కదా చిక్కు. గుండిగేమో లోపలి గదిలో వడ్ల గాదె వెనకాల గోనె కప్పి ఉంది. అమ్ముకోవాలని కాదు, అంత మంచి ఇత్తడి మళ్ళీ ఎక్కడ దొరుకుతుందని ఉంచుకుందట.

శుక్రవారం రానే వచ్చింది. పేరిందేవి గేదెలకి మేత వేసి, తలుపు దగ్గరగా వేసి, ఒక్కతే బావి దగ్గరికి వెళ్ళింది. పారిపోతే ఆ బాకీ తనదేనని ఒప్పుకున్నట్టు అవుతుందని ఆవిడ ఆలోచన. గట్టు మీద కూర్చుని, అత్తా, నేను తీసుకోలేదు అంది. పేరు నీదే చెప్పారు అంది బావి. పేరు ఎవరి నోటితోనైనా చెప్పొచ్చు కదా అంది ఈవిడ. మరి నీది కాదని నాకెట్లా తెలుస్తుంది అంది వెంగమ్మ. న్యాయంగానే అడిగింది, కాదంటారా?

పేరిందేవి బావిలోకి వంగి అడిగింది. "తిరిగొచ్చిన ఆ నాలుగు గిన్నెల్లో ఏముంది?"

"ఏముంటుంది, ఖాళీ."

"నేను ఏనాడైనా నీకు ఖాళీ గిన్నె తిరిగిచ్చానా?"

బావిలో నీళ్ళు కదలడం మానేశాయి. ఇచ్చిన గిన్నెని ఖాళీగా తిరిగివ్వకూడదని మనకందరికీ తెలుసు, గుప్పెడు బియ్యమో బెల్లం ముక్కో వేసి ఇస్తాం, తొందరలో ఉంటే మర్చిపోతాం కూడా. పేరిందేవి మర్చిపోయే మనిషి కాదు. వెంగమ్మ బతికుండగా ఆవిడ గిన్నె తెచ్చుకుంటే, ఏమీ లేనినాడు రెండు పచ్చిమిరపకాయలైనా వేసి పంపేది. వెంగమ్మకి అవన్నీ జ్ఞాపకం వచ్చినట్టున్నాయి. అవును, గుగ్గిళ్ళు, ఒకసారి మీగడ కూడా అంది. తర్వాత, అయితే ఆ మనిషి ఎవరో చెప్పు, నీ గిన్నెలు వదిలేస్తాను అంది.

చెబితే అయిపోయేది. నాలిక చివరే ఉంది పేరు. పాలు నేలపాలైన రోజులన్నీ కళ్ళ ముందు ఉన్నాయి, మజ్జిగ తలకి పట్టించుకోమన్న మాటా ఉంది. అయినా పేరిందేవికి నోరు రాలేదు.

"ఈ బావిలో ఇంకొకళ్ళ పేరు నేను వెయ్యను. నా పేరు వేస్తే ఎలా ఉంటుందో చూశాను. తీసుకున్నావిడే చెబుతుంది."

పోనీ తెప్పిస్తానని నువ్వు మాటివ్వు అందట వెంగమ్మ. అదీ ఇవ్వను, ఇస్తే మళ్ళీ బాకీ నా నెత్తికే వస్తుంది అని ఈవిడ లేచి చీర దులుపుకుంది. వెళ్ళనిస్తుందో లేదో తెలియదు. వెనక్కి చూడకుండా ఒక్కో అడుగే వేసుకుంటూ ఇంటికొచ్చింది, వచ్చి చెంబుతో నీళ్ళు పట్టి పెట్టింది. సాయంత్రానికి కూడా చెంబు నిండుగానే ఉంది.

ఇక అప్పటినుంచి రాఘవమ్మ ఇంట్లో గాదె వెనకాల గుండిగ మాట్లాడడం మొదలుపెట్టింది. పేరు పెట్టి పిలవదు, తిట్టదు, బెదిరించదు. నన్ను తెచ్చింది ఎవరు అని అడుగుతుంది, కాసేపాగి మళ్ళీ అడుగుతుంది. గోనెలు కుక్కినా అడుగుతుంది. అన్నం తింటుంటే అడుగుతుంది. మొగుడు వినలేక పొలంలో పాకకి పోయి పడుకున్నాడు. నాలుగో రోజు పట్టపగలు, దారిన పోయేవాళ్ళు చూస్తుండగానే, రాఘవమ్మ గుండిగ చంకన పెట్టుకుని బావికి పోయింది. పెరుగు తట్టతో ఎదురొచ్చిన పేరిందేవి పక్కకి తప్పుకుని దారిచ్చింది.

రాఘవమ్మ గుండిగని బావిలోకి వదిలి, ఇదుగో పేరిందేవి పంపించింది, తీసుకో అంది. అంత భయంలోనూ అదే అబద్ధం. గుండిగ మునగలేదు. ఖాళీ గిన్నె కదా తేలుతుంది అంటారేమో, అది బోర్లా లేదు, వెల్లకిలా లేదు, పక్కకి ఒరిగి మూతి నిండా నీళ్ళతో తేలుతోంది. రాయి విసిరింది, వెదురు గడతో పొడిచింది, ఊహూ. ఎండ నెత్తి మీదికొచ్చింది. జనం పోగయ్యారు. చివరికి ఆవిడ గట్టు పట్టుకుని వంగి, తనకి తప్ప ఎవరికీ వినబడదనుకుని, నేనే, రాఘవమ్మని, తీసుకుంది నేనే అంది. అందరికీ వినబడింది. గుండిగ నిమ్మళంగా కిందికి పోయింది, ఒక్క బుడగ కూడా రాలేదు.

ఆ తర్వాత ఎవరెన్ని ఆకులూ వక్కలూ పెట్టినా ఆ బావిలోంచి గిన్నె రాలేదు. వెంగమ్మకి పేర్ల మీద నమ్మకం పోయింది. ఇప్పుడు గట్టు దగ్గరికి ఎవరు వెళ్ళినా, నువ్వెవరు అని అడిగి, చెప్పిన పేరు నిజమో కాదో తేలేదాకా కదలనివ్వదని అంటారు. తేలడానికి ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలియదు, తెలిసినవాళ్ళెవరూ తిరిగొచ్చి చెప్పలేదు. కాబట్టి అటు పోకండి. పెళ్ళికి గిన్నెలు కావాలంటే పేటలో అద్దె సామాను షాపు ఉంది. ఆధార్ కార్డు జిరాక్సు అడుగుతాడు. మీ కార్డే ఇవ్వండి.

సుభద్రా, ఆ గుండిగ తెచ్చుకుంది రాఘవమ్మేనా, లేక వాళ్ళ చెల్లెలు రాజ్యమ్మా? ఇందాకటి నుంచి అదే నలుగుతోంది నాకు. రేపు మీ అమ్మనడిగి ఒకసారి సరిచూడు తల్లీ. గిన్నె తీసుకోని మనిషి పేరు నా నోటి నుంచి పోకూడదు.