బావి దారి కాగితం

హలో, తూవా… ఆ, నేనే, గున్వొర్ అత్తని. నీ ఫోన్ కోసమే కూర్చున్నా.

— లేదే, అంతా వెతికాను. ఊరి రోడ్ల సంఘం ఫోల్డర్ క్లౌడ్ నుంచి నా కంప్యూటర్‌లోకి మొత్తం దిగిందనే చూపిస్తోంది. పచ్చ టిక్కు కూడా ఉంది. పక్కింటి వాల్‌బోర్గ్ అక్క కాగితం మాత్రం లేదు.

— అదే, బావి దారిది. పందొమ్మిది వందల ముప్ఫై ఒకటిలో మా తాత రాసిచ్చాడు, వాళ్లింటివాళ్లు మా పెరట్లోంచి వెళ్లి నీళ్లు తోడుకోవచ్చని. ఆ పెరడు కొన్న స్టాక్‌హోమ్ ఆయన గేటుకి తాళం వేశాడుగా. ఇవాళ రెండింటికి సర్వే ఆఫీసరు వస్తాడు. కాగితం ఏదీ అంటాడు.

— అసలుదా? స్కాన్ చేశాక చెత్తలో వేశాం, కాగితాలన్నీ. సంఘంలో ఓటు పెట్టాం. మొదట చెయ్యెత్తింది నేనే.

— సర్వే ఆఫీసులో ఎక్కడుంటుందే తల్లీ… ఎవరూ నమోదు చేయించలేదు. మాట మీద నడిచింది ఇన్నాళ్లూ.

… ఫోల్డర్ పేరా? మన ఊరి పేరు హుల్ట్, పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి రెండు చుక్కలు, ఏడు. స్థలం నంబరే పేరు. పాత కార్యదర్శి టోర్‌స్టెన్ తన కంప్యూటర్‌లో, అది నాలాంటిది కాదులే, అన్నిటికీ అలాగే పెట్టాడు.

— ఏం, ఆ చుక్కలకేం వచ్చింది? పన్ను కాగితం మీదా అవే ఉంటాయి.

— ఓహో… విండోస్‌లో పేరు మధ్య అవి ఉండకూడదా. ఆయన మెషిన్ మింగింది నాదానికి గొంతు దిగలేదన్నమాట.

— ఆ, నిన్న వచ్చాయి. పద్నాలుగు ఎర్ర ఇంటూ గుర్తులు. స్థలాల ఫోల్డర్లన్నిటికీ.

— క్లౌడ్‌లోకి వెళ్లి, చుక్కలు తీసి గీత పెడితే చాలా? అంతేనా?

… తూవా.

— అవి పాడైపోయిన నకళ్లనుకున్నానే. ఎర్రగా కళ్లలో గుచ్చుకుంటుంటే… క్లౌడ్ వెబ్‌సైట్‌లోకి వెళ్లి పద్నాలుగూ తీసేశాను. ఆ తర్వాతే పచ్చ టిక్కు వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను కూడా.

— చెత్తబుట్టా? … అదీ ఖాళీ చేశాను. నా సంగతి నీకు తెలియనిదేముంది, సింకులో చెంచా ఉంటే నిద్రపట్టదు.

— టోర్‌స్టెన్ కంప్యూటరా… ఆయన పోయాక కూతురు అంతా తుడిచి ఎవరికో ఇచ్చేసింది.

— క్లౌడ్ కంపెనీకి రాస్తావా? రాయి. … వారం పడుతుందా. రెండింటిలోపు వారం ఎక్కణ్నుంచి తేను?

— ఏమిటీ, కంప్యూటర్ మింగేసిందని చెప్పనా? … వద్దమ్మా. పేరు బాగాలేదని అది చెబుతూనే ఉంది. చదవకుండా తుడిచింది నేను. కార్యదర్శినయి ఆర్నెల్లు కాలేదు, ఊరి కాగితాలన్నీ మట్టిలో కలిపాను.

— ఏం చేస్తాను… ఆ కాగితం నా కళ్లతో చూశానని చెబుతాను. మా తాత సంతకం నేను గుర్తుపట్టనా? పోగొట్టింది కూడా నేనేనని చెబుతాను. ఆఫీసరు నమ్ముతాడో లేదో. భయంగా ఉందే. వాల్‌బోర్గ్ అక్క ఎనభై ఆరేళ్ల మనిషి, ఆ నీళ్లు తప్ప ఆవిడకి వేరే నీళ్లు లేవు.

— ఉండు, వాకిట్లో ఎవరో… ఆవిడే. దాల్చినచెక్క బన్నులు పట్టుకొచ్చింది, నా కోసం.

… రా అక్కా, తలుపు తీసే ఉంది. … లేదక్కా, దొరకలేదు. దొరకదు. నేనే తుడిచేశాను.

— తూవా, పెట్టేస్తున్నా. అక్క గుమ్మంలో ఒక బూటు విప్పింది… రెండోది విప్పకుండా అలాగే నిలబడిపోయింది.