ఆడపడుచు కాసిన కోళ్ళు

టాస్మేనియాలో హ్యువాన్ నది ఒడ్డున ఒక ఊరు. అక్కడ జూలై అంటే చలికాలం. కూతురి పురుటికని హోబార్ట్ వెళ్ళిన రోవేనా పది రోజులకు ఇల్లు చేరింది. అన్నాళ్ళూ ఆమె కోళ్ళను చూసిన ఆడపడుచు టెస్ చంకలో ఒక పెట్టతో గూటి దగ్గర ఎదురైంది.

“ఎన్ని పోయాయి?”

“పాప ఎలా ఉంది వదినా? ఎవరి పోలిక? ముందు లోపలికి పద, టీ...”

“ఎన్ని, టెస్? ఫోన్లో తెల్లపెట్ట ఒక్కటే అన్నావు.”

“మూడు. ఆపిల్ చెట్ల వెనక పాతిపెట్టాను. మిగతా నాలుగూ బాగానే... బాగాలేవులే. నువ్వే చూడు.”

“ఇటివ్వు దాన్ని. అయ్యో, రొమ్మెముక కత్తిలా తగులుతోంది. ఎన్నాళ్ళైంది తిని?”

“తింటోందనే అనుకున్నాను. ఈకలు ఉబ్బించుకుని కూర్చుంటే బొద్దుగానే కనపడింది. చేత్తో పట్టి చూస్తే కదా తెలిసేది.”

“గురక ఉందా?”

“చెవి పెట్టి విను. నోరు తెరిచి పీలుస్తోంది. పీల్చినప్పుడల్లా తోక ఊగుతోంది.”

“ఊఁ.”

“తప్పు నాదే వదినా.”

“ఎవరన్నారు?”

“ఒకరు అనాలా? నువ్వెళ్ళిన మర్నాడు పొద్దున నీళ్ళ గిన్నె గడ్డకట్టింది. వీటి నెత్తి మీది ఎర్రజుట్టు కొనలు చలికి నల్లబడ్డాయి. వాజలీన్ రాశాను. అంతటితో ఊరుకున్నానా? పైన గాలి కంతలన్నిటికీ ప్లాస్టిక్ పట్టా బిగించేశాను.”

“చలనేగా చేశావు.”

“మూడో రోజు తలుపు తీస్తే నా కళ్ళు మండిపోయాయి. రెట్ట ఘాటు. పట్టా లోపలంతా నీళ్ళు కారుతున్నాయి, కింద పరిచిన పొట్టు చిత్తడి. క్షణం నిలబడితేనే నాకు ఊపిరాడలేదు, అవి రెండు రాత్రులు...”

“వెంటనే విప్పావుగా?”

“విప్పాను, పొట్టు మార్చాను, పశువుల డాక్టరమ్మని పిలిచాను. ఒంటికి ఈకలున్న కోడిని చలేం చేయదమ్మా, చెమ్మా ఉక్కా చంపుతాయి అంది. గాలి వాటి నెత్తి మీదుగా పోవాలట, ఒంటికి కొట్టకూడదట. ఇన్నేళ్ళు కోళ్ళు పెంచాను, నాకామాత్రం తెలియదూ?”

“మందిచ్చిందా?”

“నీళ్ళలో కలిపి ఐదు రోజులు. గుడ్లు మాత్రం తినొద్దంది. వదినా, ఇంకోటి... నీకు చెప్పలేదు.”

“ఏంటి?”

“నీ బూడిదరంగు పెట్ట మరీ వణుకుతోంటే మా ఇంటికి తీసుకెళ్ళాను. వంటింట్లో పొయ్యి పక్కన పెట్టాను. దాన్ని ముట్టిన చేతులతోనే మావాటికి గింజలు చల్లానేమో, నిన్నటి నుంచి అవీ తుమ్ముతున్నాయి.”

“మీవా? పన్నెండూనా?”

“ఐదు. మిగతావీ రేపో ఎల్లుండో. తగ్గినా జబ్బు ఒంట్లోనే ఉండిపోతుందట. ఇక వీటి కోడిపిల్లల్ని ఎవరికీ ఇవ్వకూడదంది. నావి సరే, ఏదో చేసుకుంటాను. నువ్వు నమ్మి అప్పగిస్తే నీవి...”

“ఊరుకో టెస్.”

“ఎలా ఊరుకోను? ఆవిడ ఇంకో మాట కూడా అడిగింది. గాలాడకపోతే జబ్బు ముదురుతుంది గానీ దానంతటది పుట్టదు, బయటి కోడి ఏదైనా వచ్చి కలిసిందా అని. లేదన్నాను. వస్తే మా వదిన నాకు చెప్పదా అన్నాను.”

“ఆపమంటున్నానా.”

“ఏడుస్తున్నావా? తిట్టు వదినా, పర్లేదు. నాలుగు తిట్టు.”

“మొదట చచ్చిన తెల్లపెట్ట లేదూ, దాన్ని సంతలో కొత్తగా కొన్నాను. నేను బయల్దేరే రోజు పొద్దునే దాని కంట్లో నురగ చూశాను. చెబితే నీ కోళ్ళకి అంటుకుంటుందని భయపడి రానంటావని, నోరు మూసుకుని బస్సెక్కాను.”