తల ఎటుంటే కేసు అటే

"ఆ వంతెన మీద శవం సంగతి తేల్చిందెవరనుకున్నారు? నేనే!" అన్నారు రిటైరైన పోలీసు రైటరు గారు, కోర్టు ఎదుటి టీ కొట్టులో గ్లాసు అందుకుంటూ. "వంతెనకి అటు ఒక స్టేషన్, ఇటు మాది. మావాళ్ళు శవాన్ని అటు తోస్తే, వాళ్ళు ఇటు తోస్తున్నారు. టేపు పెట్టి కొలిచాను. కాళ్ళు మా హద్దులో, తల వాళ్ళ హద్దులో. తల ఎటుంటే కేసు అటే అన్నాను. ఎవడైనా నోరెత్తితే ఒట్టు! ఆ దెబ్బకి నా పేరు పైదాకా పాకింది."

"ఎస్పీ గారిదాకానా?" అన్నాడు టీ కొట్టతను.

"నీ మొహం! అంతరిక్షందాకా! అక్కడ గదులు కడుతున్నారు కదా, ఓ వెల్డరు చచ్చిపోయాడు. తోటివాడే గాలి గొట్టం కట్టేశాడు. పోయినవాడిది ఒక దేశం, చంపినవాడిది ఇంకో దేశం, గది మూడో దేశానిది. ఏ కోర్టూ ముట్టుకోదు. మీరే దిక్కని నాకు రాకెట్ పంపారు. టేపూ, కార్బన్ పేపర్లూ చంకన పెట్టుకుని ఎక్కేశాను."

"కార్బన్ పేపర్లెందుకండీ?" అన్నాడు టీకొచ్చిన పక్క కొట్టు టైలరు.

"మూడు దేశాలకీ కాపీలివ్వద్దూ? ఆ తర్వాత ఏమైందో తెలుసా? శవం తేలుతోంది, ముగ్గురూ పక్క గదిలోకి తోస్తున్నారు, అచ్చం మన వంతెన మీదలాగే! 'ఆగండ్రా!' అని ఒక్క అరుపు అరిచాను. చంద్రుడు కూడా ఆగాడు. టేపు భూమిదాకా లాగాను, చాలకపోతే బెల్టు ముడేశాను. ప్రాణం పోయాక హద్దులేమిట్రా అని అక్కడికక్కడే చట్టం రాసేశాను. దేశాలన్నీ వరసలో నిలబడి వేలిముద్రలు వేశాయి. చంద్రుడి మీద కోర్టు పెట్టించి, హంతకుడికి బేడీలు వేసి..."

"వేసి, ఎవరికి అప్పజెప్పారు రైటరు గారూ?"

బెంచీ చివర, ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూర్చున్నావిడ అడిగింది. ఆవిడ టీ ఎప్పుడో చల్లారిపోయింది.

"అదీ... అక్కడే..."

"ఆ వెల్డరు మా తమ్ముడు. చంపినవాడు వాళ్ళ ఊళ్ళో కొత్త ఇంట్లో దిగాడు. నేను మూడేళ్ళుగా ఈ కోర్టు మెట్లెక్కి దిగుతున్నాను. మొదటి అర్జీ మీకే ఇచ్చాను. మీరు తలెత్తి నా మొహం కూడా చూడలేదు."

ఫైలు తెరిచింది. అర్జీ మీద ఎర్ర సిరాతో ఒకే ముక్క, 'మా హద్దులో కాదు.' కింద రైటరు గారి సంతకం.

"లోకానికంతటికీ చట్టం రాసినవారు, నాకొక్క రసీదు రాయలేకపోయారా?"

టైలరు నవ్వబోయి ఆపుకున్నాడు.

"రూలు లేదమ్మా," అన్నారు రైటరు గారు. "నిజంగానే లేదు."

"ఏ దేశమూ మాదే అనదు, కిందికి దించదు. వాడింకా పైనే, భూమి చుట్టూ తిరిగే ఓ చలిగదిలో ఉన్నాడండీ," అంది ఆవిడ ఫైలు మూసి. "రోజూ మీ పోలీస్ స్టేషన్ నెత్తి మీదుగానే పోతున్నాడట."